టెంటు సేటు ఇంటిముందు పందిరి గురించి

సంబంధిత అధికారులకు, తమకు సంబంధం లేదని చెప్పే అధికారులకు, సెలవులో ఉన్న అధికారులకు, వారి స్థానంలో కూర్చుని తమకు సంతకం చేసే అధికారం లేదని చెప్పే ఇన్‌చార్జి అధికారులకు, ఈ మండలవాసి సవినయంగా తెలియజేసుకునేది ఏమనగా:

మా ఊళ్ళో టెంట్ హౌస్ నడిపిన పెద్దమనిషి, ఊరంతా టెంటు సేటు అని పిలుచుకున్న వ్యక్తి, ఈ ఎండాకాలం చనిపోయారు. ఆయన అంత్యక్రియల నాడు వాగు అవతలి గూడెం వాళ్ళు ఆయన ఇంటిముందు పచ్చికొమ్మలతో ఒక పందిరి వేశారు. ఆ కొమ్మలు కొట్టినందుకు గూడెం పెద్ద మీద తమ కార్యాలయాల్లో ఒకటి కేసు రాసింది. పందిరిని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ కాగితం ఎవరి బల్ల మీద పడినా చివరికి అక్కడికే చేరుతుంది, చేరాక కదలదు.

ఇది మనవి కాబట్టి పొట్టిగా ఉండాలని నాకు తెలుసు. అయితే పొట్టిగా రాసిన మనవులను కూడా తమరు చదవరని అనుభవం ఉన్నందున, చదివే అలవాటున్న పాఠకుల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. పందిరి ఎందుకు వేయవలసి వచ్చిందో తెలియాలంటే ఆ మనిషి గురించి తెలియాలి.

మా ఊరికి మరణవార్త ఎప్పుడూ సేటు మైకులోనే వచ్చేది. ఎవరు పోయినా ఆటోకు మైకు కట్టించి, పోయినవారి పేరు, ఇంటి గుర్తు, శవాన్ని ఎత్తే వేళ బజారు బజారుకూ చెప్పించేవారు. ఆయన పోయిన నాడు మైకు మోగలేదు. షట్టర్లు దిగిన చప్పుడు వినిపించింది. బస్టాండు దగ్గర కిరాణం, దాని పక్కన ఎరువుల దుకాణం, ఆ పక్కన కొత్తగా పెట్టిన సెల్‌ఫోన్ల దుకాణం వరుసగా మూతపడ్డాయి. బంద్ అనుకున్నాను. మా వైపు బంద్ అంటే ముందు షట్టరు దించి తర్వాత కారణం అడగడం ఆనవాయితీ. టీకొట్టు ఆవిడ పొయ్యి మీద నీళ్ళు చల్లుతుంటే, ఎవరు పిలిచారమ్మా బంద్ అని అడిగాను.

“బంద్ కాదు సారూ. సేటు పోయిండు. పొద్దుగాల ఛాతిల నొస్తున్నదన్నడట. కొత్తగూడెం దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే అయిపోయిండు,” అంది. తర్వాత ఆమె కూడా తడక వాల్చింది.

సేటు అన్నది ఆయన కులమూ కాదు, ఇంటిపేరూ కాదు. గోదాము నిండా సామాను ఉన్నవాణ్ణి మా వైపు అలా పిలుస్తారు. షామియానాలు, ఇనుప గుంజలు, జంపఖానాలు, గుండిగలు, బగోనాలు, నీళ్ళ డ్రమ్ములు, కుర్చీలు, రంగు బల్బుల తీగలు, వర్షాకాలం తప్ప అన్ని కాలాల్లోనూ పనిచేసే ఒక జనరేటరు ఆయన ఆస్తి. పెళ్ళికి కిరాయి తీసుకునేవారు, తగ్గించమంటే ఒప్పుకునేవారు కారు. చావుకు తీసుకునేవారు కారు, తీసుకోమని బతిమిలాడినా ఒప్పుకునేవారు కారు. రెండు విషయాల్లోనూ మొండితనం ఒకే పాళ్ళలో ఉండేది. చావింటికి టెంటు పంపడానికి ఎవరైనా వచ్చి అడగాలన్న నిబంధన కూడా ఆయన దగ్గర లేదు. కబురు చెవిన పడగానే ట్రాక్టరు బయలుదేరేది.

మా నాన్న పోయినప్పుడు నేను విశ్వవిద్యాలయం హాస్టలు నుంచి బస్సులో వచ్చాను. దారి పొడవునా ఎవరెవరికి కబురు చేయాలి, ఎవరిని ఏమి అడగాలి అని ఆలోచిస్తూనే వచ్చాను. ఇల్లు చేరేసరికి టెంటు వేసి ఉంది. మా మేనత్తలు ఇంకా రాలేదు, కుర్చీలు వచ్చాయి. సేటు ఒక్కో కుర్చీలో కూర్చుని లేస్తూ, కాలు ఊగుతున్న కుర్చీలను పక్కకు పెడుతున్నారు. నన్ను చూసి ఓదార్చలేదు. నీళ్ళ డ్రమ్ము ఎక్కడ పెట్టించారో చూపించి, మంచినీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పి, మళ్ళీ కుర్చీల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. నేను థాంక్స్ లాంటిదేదో అనబోయాను.

“పెండ్లికైతే ఇంటిల్లిపాది తిరిగి అడుగుతరు సారూ,” అన్నారు. “సావింట్ల అడగనీకి ఎవలుంటరు? ఉన్నోడు ఏడ్సుకుంట ఉంటడు.”

అప్పటికి నేను సారును కాను. హాస్టల్లో బట్టలు కూడా సరిగా ఉతుక్కోలేని విద్యార్థిని. అయినా ఊళ్ళో ఎవరు పట్నంలో చదువుతున్నా ఆయన ఆ రోజునుంచే సారూ అని పిలిచేవారు. తర్వాత ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ పిలుపు మార్చేవారు కారు. ఈ విషయంలో ఆయన విశ్వవిద్యాలయాల కన్నా ఉదారంగా ఉండేవారు.

ఆ రోజు నేను గమనించిన మరో సంగతి, ఆయన తన టెంటు కింద కూర్చోలేదు. కుర్చీ పరీక్షకు తప్ప. షామియానా అంచు దగ్గర, సగం ఎండలో సగం నీడలో నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం దాటాక పనివాళ్ళను కేకేసి, “పొద్దు తిరిగింది, పరదా ఇటుదిక్కు కట్టుండ్రి” అని చెప్పారు. ఎండ మా మేనత్త కాళ్ళ మీదికి రాకముందే పరదా వచ్చింది. తర్వాత ఎన్నో చావిళ్ళలో ఆయన్ని అదేచోట, అదే అంచు మీద చూశాను. సూర్యుణ్ణి ఆయన ఒక ఆలస్యంగా వచ్చే చుట్టంలా చూసేవారు. ఎటునుంచి వస్తాడో ముందే తెలుసుకుని చోటు సర్దేవారు.

కుర్చీల తగాదా గురించి కూడా నమోదు చేయడం అవసరం. ఒక ఏడాది ఆయన పాత ఇనుప కుర్చీల స్థానంలో మెత్తటి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు. ఊళ్ళో మొదటిసారి వచ్చిన చేతుల కుర్చీలు. వర్తక సంఘం పెద్దకు ఆ వారంలోనే కూతురి పెళ్ళి ఉంది. కొత్త కుర్చీలు తన మండపంలోనే మొదట వేస్తారని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. పెళ్ళినాటికి వచ్చినవి పాత ఇనుప కుర్చీలు. కొత్తవి అంతకుముందు రోజే దర్జీ ముసలాయన చావుకు వెళ్ళాయి, ఇంకా అక్కడే ఉన్నాయి. పెళ్ళికొడుకు వాళ్ళు సత్తుపల్లి వైపు నుంచి వస్తున్నారు, వాళ్ళ ముందు పరువు ఏం కావాలని సంఘం పెద్ద గోదాముకు వచ్చి గొడవకు దిగాడు. నేను అక్కడ వేరే పని మీద ఉన్నాను.

“నా బిడ్డ పెండ్లికి పాతవి, ఎవలో సావుకు కొత్తవా? ఏం లెక్క సేటూ ఇది?”

సేటు ఒక గుండిగ తోమిస్తూ ఉన్నారు. తలెత్తకుండానే జవాబు చెప్పారు.

“మీ పెండ్లిల ఎంతసేపు కూసుంటరే? బువ్వ తినేదాంక. గాడ పొద్దంతా కూసోవాలె. నడుం నొప్పి ఎవలకు లేస్తది?”

“సావుకు పోయిన కుర్చీలు రేపు పెండ్లికి ఎట్ల పంపుతవ్ మరి?”

“అందుకే గదనే, నీకు పాతవి పంపిన.”

సంఘం పెద్ద కాసేపు ఆలోచించి, దీనిలో తప్పెక్కడుందో దొరకక, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మా ఊళ్ళో కొత్త సామాను ఏది వచ్చినా మొదట చావుకే వెళ్ళింది. పెళ్ళివారు మెత్తటి కుర్చీలో కూర్చోవాలంటే ఇంకొకరి చావుకు పోవాల్సి వచ్చేది. దీనివల్ల పరామర్శలకు హాజరు పెరిగిందని కొందరు అంటారు. నేను దాన్ని ధ్రువీకరించలేను.

వాగు అవతలి గూడెంతో ఆయనకు పరిచయం కూడా ఒక చావుతోనే మొదలైంది. గూడెం పెద్ద తల్లి పోయిందని తెలిసి, ట్రాక్టరును వాగు ఒడ్డున ఆపించి, షామియానా మడత పనివాళ్ళ భుజాల మీద పెట్టించి నడిపించుకుపోయారట. వెళ్ళేసరికి అక్కడ నేరేడు కొమ్మల పందిరి వేసి ఉంది. ఈయన మొహమాటంగా దాని పక్కన తన గుడ్డ కూడా కట్టబోయారు. గూడెం పెద్ద లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడట. ఈ సంగతి సేటు తానే చెప్పి నవ్వేవారు.

“‘సేటు, గా గుడ్డ మడత బెట్టుకో. దాని కింద ఉక్కపోస్తది. మా ఆకుల కిందికి రా’ అన్నడు సారూ. నిజమే. గంతకాలం నేను జనానికి ఉక్కనే పంచిన.”

ఆ తర్వాత గూడేలకు ఆయన టెంటు పంపలేదు. నీళ్ళ డ్రమ్ములు, వంట సామాను మాత్రం పంపేవారు, తాను వెళ్ళి ఆ కొమ్మల కింద కూర్చునేవారు. నాకు తెలిసి ఆయన కుదురుగా కూర్చున్న నీడ అదొక్కటే. గూడెం పెద్ద సంతకు వచ్చినప్పుడు గోదాము అరుగు మీద కాసేపు ఆగేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నట్టు ఎవరూ చూడలేదు. ఒకరు తాడు చిక్కులు విప్పుతుంటే రెండోవారు రెండో కొన పట్టుకునేవారు.

పోడు పట్టాల దరఖాస్తులు తీసుకున్న రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అడవిలో తాతల నాటినుంచి సాగు చేసుకుంటున్న భూమికి హక్కుపత్రం ఇస్తారని ప్రకటన వచ్చింది. గూడేల నుంచి జనం దిగి వచ్చి కార్యాలయం ముందు వరుసలో నిలబడ్డారు. వరుస ఎండలో ఉంది. గూడెం పెద్ద కూడా అందులోనే ఉన్నాడు. సేటు ఎవరినీ అడక్కుండా ఆ వరుస పొడవునా షామియానా కట్టించేశారు. లోపలినుంచి ఒక అధికారి వచ్చి, ప్రభుత్వ ఆవరణలో టెంటుకు పర్మిషన్ ఎవరిచ్చారని అడిగాడు.

“ఎండకు పర్మిషన్ ఎవలిచ్చిండ్రు సార్?” అన్నారు సేటు. మర్యాదగానే అన్నారు. చేతులు కూడా కట్టుకున్నారు.

అధికారి దీని మీద వివరణ కోరతానని చెప్పి లోపలికి వెళ్ళాడు. అంతలో కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. కొద్దిసేపటికి ఆయన బల్ల, కుర్చీ, తర్వాత ఆయనా బయటికి వచ్చి షామియానా కింద కూర్చున్నారు. దరఖాస్తులు అక్కడే తీసుకున్నారు. మా మండలంలో ప్రజల వద్దకు పాలన వచ్చిన సందర్భం నేను చూసినంతలో అదే.

ఇప్పుడు ఆ మనిషి పోయిన రోజు.

రోహిణి కార్తె. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. నడివేసవి ఎండ నేరుగా ఇంటిముందు దిగుతోంది. జనం వచ్చి నిలబడుతున్నారు. ఊళ్ళోవాళ్ళకు చావింట టెంటు ఉండటం అలవాటు. అందుకే వాళ్ళు వచ్చాక మొదట పైకి చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. చావు కబురు వినగానే టెంటు పంపే మనిషి ఊళ్ళో ఒక్కరే, ఆయన వాకిట్లో ఉన్నారు.

పనివాళ్ళు ఆయన మీది గౌరవంతో గోదాముకు తాళం వేసి, తాళంచెవి తెచ్చి ఆయన భార్య చేతిలో పెట్టి, ఒక మూల కూర్చుని ఏడుస్తున్నారు. సంఘం పెద్ద వెళ్ళి, వదినా, ఒక్క షామియానా తీసుకుంటాం, షట్టరు లేపుదామని అడిగాడు. యజమాని పోతే దినాలు అయ్యేదాకా దుకాణం తెరవకూడదని మా వైపు పట్టింపు. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

“గాయన లేపని షట్టరు ఇంకెవలు లేపొద్దు. దినాలైనంక లేపుదురు.”

సంఘం పెద్ద తన కొత్త సెల్‌ఫోన్ తీసి కొత్తగూడెం టెంట్ హౌస్‌కు ఫోన్ చేశాడు. అక్కడి యజమాని కూడా గౌరవసూచకంగా షట్టరు దించి, అప్పటికే బస్సెక్కాడు. భద్రాచలం వైపు మరొకరికి చేశాడు. ఆయనా అంతే. ఇద్దరూ కాసేపటికి వచ్చారు, పెద్ద దండలు తెచ్చారు. టెంట్లు తేలేదు. ఆ వేళ రెండు వైపులా రోడ్డు పొడవునా టెంట్ హౌస్ అన్నది ఒక్కటి కూడా తెరిచి లేదు. గౌరవం సంపూర్ణంగా అమలైనందున నీడ అందుబాటులో లేకుండా పోయింది.

ఇంట్లోంచి ఒక దుప్పటి తెచ్చి నలుగురు నాలుగు కొసలు పట్టుకుని శవం మీద నీడ పెట్టారు. చేతులు నొప్పి పుట్టగానే మరో నలుగురు అందుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. దర్జీ ముసలాయన భార్యకు కళ్ళు తిరిగితే ఎదురింటి అరుగు మీదికి మోసుకెళ్ళారు. మొదట వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోవడం మొదలైంది. సేటు చావుకు జనం నిలవలేకపోతున్నారన్న సంగతి ఆయన భార్యకు అర్థమైంది. తాళంచెవి పిడికిట్లో బిగించి, తల దించుకుని కూర్చుంది.

అప్పుడు గూడెం వాళ్ళు వచ్చారు. వాగు దాకా సెల్ సిగ్నల్ అందుతుంది, కబురు అలా చేరిందట. భుజాల మీద గుంజలు, తలల మీద నేరేడు కొమ్మల మోపులు. ఎదురింట్లో గడ్డపార అడిగి తీసుకుని గుంటలు తవ్వారు. గుంజలు పాతారు, అడ్డకర్రలు కట్టారు, కొమ్మలు పరిచారు. దుప్పటి పట్టుకున్నవాళ్ళు పక్కకు జరగాలని చేత్తో సైగ చేశారు. నీడ ముందు శవం మీద పడింది, తర్వాత ఆమె మీద, తర్వాత మా అందరి మీద. సంఘం పెద్ద ఏడుపు ఆపుకోలేక, మీకు ఎవరు చెప్పారని గూడెం పెద్దను పట్టుకుని అడిగాడు.

“ఎవలు చెప్పాలె?” అన్నాడు గూడెం పెద్ద. “మీరు కూసోండ్రి. నిలబడితే పోయినోనికి తిప్పలైతది.”

మేము కూర్చున్నాం, నేలమీదే, కొమ్మల కింద. వెళ్ళిపోయినవాళ్ళు కూడా తిరిగి వచ్చారు. సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. ఇక్కడ తమ దృష్టికి తేవలసినదేమంటే, తమ కార్యాలయ ఉద్యోగి ఒకరు కూడా పరామర్శకు వచ్చి ఆ నీడలోనే కూర్చున్నారు. నా పక్కనే. తువ్వాలుతో మెడ తుడుచుకుని, “నేరేడు కొమ్మ ఎంత సల్లగుంటది” అన్నారు. ఆయన మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

కొమ్మల సంగతి అంతటితో ముగిసేదే. అయితే ఒక విలేకరి ఆ పందిరి ఫొటో తీసి, అడవిబిడ్డల ఆత్మీయ నివాళి అనే శీర్షికతో జిల్లా పేజీలో వేయించాడు. మాకందరికీ ఫొటోలో నివాళి కనిపించింది. ఖమ్మంలో ఎవరో పెద్ద అధికారికి కొమ్మలు కనిపించాయి. రక్షిత అడవిలోవి కాకపోతే అంత నిగనిగలాడవని ఆయన నిర్ధారణకు వచ్చినట్టున్నారు. ఫోన్ వచ్చింది. అదే ఉద్యోగి, ఈసారి యూనిఫాంలో, కాగితాలతో వచ్చారు.

కొమ్మలు ఎవరు కొట్టారని ఆయన అడిగితే ఊరంతా సహకరించింది. ఒకరు గాలికి విరిగి పడ్డాయన్నారు. సంఘం పెద్ద అవి తన పెరట్లోవని ప్రమాణం చేస్తానన్నాడు. ఆయనకు పెరడు లేదు, దుకాణం వెనక మురుగు కాలువ ఉంది. ఉద్యోగి ఆ వాంగ్మూలాన్ని సంతోషంగా రాసుకోబోయారు. అంతలో దినాల సామాను మాట్లాడటానికి వచ్చి అక్కడే ఉన్న గూడెం పెద్ద ముందుకు వచ్చాడు.

“నేనే కొట్టిన.”

ఉద్యోగి కలం పక్కన పెట్టారు. “పెద్దయ్యా, నీకు తెల్వదని చెప్పు. నేను రాసుకుంట.”

“ఎట్ల తెల్వదంట? పందిరేసింది నేను కాదంటే, మల్ల విప్పేదెవలు?”

ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. చావు పందిరికి మొదటి కొమ్మ కొట్టినవాడే, దినాలయ్యాక మొదటి కట్టు విప్పాలి. అతను విప్పేదాకా ఆ ఇంటి దుఃఖం దిగినట్టు కాదు. పందిరి నాది కాదని అతను అన్నాడంటే ఇక దాన్ని విప్పే హక్కు ఎవరికీ ఉండదు. కేసు తప్పించుకోవడానికి ఒక్క అబద్ధం చాలని మేమందరం చెప్పాం. ఆ అబద్ధంతో సేటు ఇల్లు ఎప్పటికీ మైలలో ఉండిపోతుందని ఆయన చెప్పాడు. ఉద్యోగి కలం మళ్ళీ తీసుకుని రాశారు. గుంజకు ఒక చీటీ అంటించారు. పందిరి ప్రభుత్వ స్వాధీనంలోకి వెళ్ళింది. అంటిస్తున్నప్పుడు ఆయన చెప్పులు విడిచారు.

దినాలయ్యాయి. సేటు భార్య వెళ్ళి తన చేతులతో షట్టరు లేపింది. టెంట్ హౌస్ మళ్ళీ నడుస్తోంది, మొన్న బస్టాండు వెనక ఒక చావుకు కొత్త కుర్చీలే వెళ్ళాయి. షట్టరు లేపిన రోజే పందిరి విప్పడానికి గూడెం పెద్ద స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఉద్యోగి కూడా వచ్చి ఉన్నారు. కట్టు మీద చెయ్యి వేయబోతుంటే ఆపారు.

“ఇప్పితే సాక్ష్యం మాయం జేసినవని ఇంకో కేసు పెడ్తరు పెద్దయ్యా. నా మాట విను.”

గూడెం పెద్ద చెయ్యి దించి, పందిరి కింద కూర్చున్నాడు. అప్పటినుంచి సంత రోజున వచ్చినప్పుడల్లా అక్కడే కాసేపు కూర్చుని, కట్ల వైపు చూసి వెళుతున్నాడు.

ఇక అసలు నష్టం. ఆయన పోడు దరఖాస్తు విషయం కనుక్కోవడానికి నేను ఆయనతో కార్యాలయానికి వెళ్ళాను. అడవి కేసు ఉన్నవాడి దరఖాస్తును కేసు తేలేదాకా పక్కన పెడతామని కిటికీలోంచి చెప్పారు. అలాగని ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. రాసి లేదు, అయినా పెడతామన్నారు. మొదటి వానలు దగ్గరపడ్డాయి. పట్టా లేకుండా ఈసారి దున్నితే ఇంకో కేసు పెడతారని ఆయనకు ఎవరో చెప్పారు. దున్నకపోతే ఆ పోడు చెలక తనది కాదని రాసుకుంటారని మరొకరు చెప్పారు. రెండూ నిజమయ్యే అవకాశం ఉందని, తమ గురించి తెలిసినంతలో, నేను కూడా చెప్పవలసి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు, మీరు కొట్టలేదని ఇప్పటికైనా చెప్పవచ్చు కదా అన్నాను. ఆయన కోపగించుకోలేదు.

“తాత కొట్టిన చెలక సారూ. పోతే కడుపు మండుతది,” అన్నాడు. “గని సేటు ఇంటి పందిరి వొదిలి పోతే ఆ చెలకల పండింది ఎట్ల తింట?”

అందువల్ల, ఊరి తరఫున, ఈ క్రింది డిమాండ్లు నమోదు చేయడమైనది.

డిమాండు నం. 1. గూడెం పెద్ద మీద రాసిన కేసు ఎత్తివేయాలి. ఆయన పోడు దరఖాస్తును వానలకు ముందే తిరిగి వరుసలో పెట్టాలి. చావు పందిరిని ఆయన చేత్తో విప్పనివ్వాలి.

డిమాండు నం. 2. అలా కుదరకపోతే, ఆ నీడను వాడుకున్న మమ్మల్నందరినీ అదే కేసులో ముద్దాయిలుగా చేర్చాలి. కొమ్మలు కొట్టింది ఒక్కరైనా అనుభవించింది ఊరంతా. సంతకాలు జతచేశాం. మొదటిది సేటు భార్యది. నీడ పడింది తన ఇంటిముందు, తన భర్త మీద కాబట్టి మొదటి ముద్దాయి తానేనని, మరొకరి పేరు ముందు ఉంటే సంతకం చేయనని ఆమె షరతు పెట్టింది. రెండోది సంఘం పెద్దది. తమ ఉద్యోగి సంతకం చేయలేదు. నిబంధనలు ఒప్పుకోవు. కాగితం మొత్తం చదివి, ఆ రోజు నీడలో ఉన్నవారిలో ఒకరిని మరిచిపోయారని మాత్రం చెప్పి వెళ్ళారు.

డిమాండు నం. 3. పై రెండింటినీ తమరు పరిశీలిస్తున్నంత కాలానికి ఒక తాత్కాలిక అనుమతి ఇప్పించాలి. నేరేడు ఆకులు ఎండిపోయాయి, గాలి తగిలినప్పుడల్లా రాలుతున్నాయి. రాలిన ఆకు కూడా సాక్ష్యమేనా అని సేటు భార్య తమ ఉద్యోగిని అడిగింది. పైవారిని అడిగి చెబుతానన్నారు, పైనుంచి జవాబు లేదు. గూడెం పెద్దకు ఇంకో కేసు రావడం ఇష్టం లేక ఆమె చీపురు ముట్టలేదు. ఈ ఉదయం నేను సంతకం కోసం వెళ్ళేసరికి, ఆకులు మడమల ఎత్తున పరుచుకున్న వాకిలి ఎదుట, పక్కింటివాళ్ళు కలిపి ఇచ్చిన కళ్ళాపి నీళ్ళ బకెట్టు చేత్తో పట్టుకుని, ఎక్కడ చల్లాలో తెలియక గడప మీద నిలబడి ఉంది. ఆమెకు తన వాకిలి ఊడ్చుకోవడానికి అనుమతి ఇప్పించాలి.